పిట్టలగూడకు ఫైరింజన్

ఏప్రిల్ 6

ఇంట్లో మాట్లాడే మనిషి లేక రాసుకుంటున్నాను. మనిషి ఉంది, మాటే లేదు. నా భార్య ఆశ మొన్నటి నుంచి నాతో మానేసి కుక్కర్‌తో మాట్లాడుతోంది. “ఎవలన్న తినేటోళ్లుంటే వచ్చి తినుమను” అని కుక్కర్‌కు చెబుతుంది. నేనూ తగ్గలేదు. “పప్పుల ఉప్పు తక్కువైందని జెప్పవే” అని కుక్కర్‌కే చెప్పాను. అది విజిల్ వేసింది. నాకు నవ్వాగలేదు. ఆశ మొహం మాత్రం బంద్ రోజు షట్టర్‌లా ఉంది.

ఈ డైరీ పెయింట్ల దుకాణం వాళ్లు ఊరికే ఇచ్చింది. ఏడో తరగతిలో బడి మానేశాక నేను రాసిందల్లా కుర్చీల వెనకాల ‘సిద్దయ్య టెంట్ హౌస్’ అనే. తప్పులు పోతే నన్ను నేనే మాఫ్ చేసుకుంటాను.

జరిగింది ఇంతే. మొన్న మున్సిపల్ చైర్మన్ ఉమామహేశ్వర్ నలుగురిని వెంటేసుకుని గోదాం దగ్గరికి వచ్చాడు. ఫైరింజన్ సంగతి తేల్చాలట. మా పిట్టలగూడ సొంతంగా ఫైర్ స్టేషన్ పెట్టుకోవాలా, లేక పక్క రెండు ఊళ్లతో కలిసి నాచారం అంచున ఒక్కటే పెట్టుకుని ముగ్గురం వాడుకోవాలా. సొంతం అంటే జాగా మనమే ఇవ్వాలి. మున్సిపాలిటీకి మిగిలిన జాగా ఒక్కటే. అందులో నా గోదాం ఉంది. మా నాయన కాలం నుంచీ ఉంది. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

“బావా, ఆశక్క ఓటు ఎటు దిక్కు?” అన్నాడు ఉమామహేశ్వర్. ఆశ మా వార్డు కౌన్సిలర్ మరి.

“దాని చెయ్యి నేను లెవ్వంటె లేస్తది, దిగంటె దిగుతది” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆశ టీ గ్లాసులు పట్టుకుని నా వెనకే నిలబడి ఉందని ఒక్కడూ సైగ చేయలేదు.

తమాషాకే అన్నాను. నేను ఏదన్నా తమాషాకే కదా.

ఏప్రిల్ 8

అసలు ఆమె పేరు ఎన్నికల్లో వేసిందే తమాషాకు. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. మిగతా మొగుళ్లలాగా భార్యను గెలిపించి నేను కుర్చీలో కూర్చుందామనుకున్నాను. ఆమె నిజంగానే గెలిచింది. మొదటి మీటింగు రోజు నేను తెల్లంగీ వేసుకుని, సెంటు కొట్టుకుని తయారైతే, “ఎటు పోతున్నవ్? దుకాణం లేదా నీకు?” అని ఒక్కతే ఆటో ఎక్కింది. ఆ సెంటుతో పోయి రోజంతా చావు ఇంటి కుర్చీలు కడిగాను.

ఆశకు సొంత స్టేషనే కావాలి. పోయిన ఎండాకాలం తారామణి టైలరింగ్ దుకాణం కాలినప్పటి నుంచీ అదే పట్టు. బండి ఎక్కడినుంచో వచ్చేసరికి కుట్టుమిషన్ల ఇనుము తప్ప ఏమీ మిగల్లేదు. పెళ్లివాళ్ల పట్టు జాకెట్లన్నీ పోయాయి. తారామణి ఇప్పుడు మా ఇంటి అరుగు మీద కుడుతోంది.

పాపమే. నేను కాదనను. కానీ ఒక్క దుకాణం కోసం ఒక స్టేషనా? ఊరి మంచి కూడా చూడాలి. ముగ్గురం కలిసి పెట్టుకుంటే ఊరికి భారం తక్కువ. నేను ఊరి మంచి కోసమే అంటున్నాను.

పొద్దున బ్యాండువాళ్లను ఉమామహేశ్వర్ ఇంటికి షష్టిపూర్తి అని పంపించాను. వాడికి యాభై కూడా రాలేదు. వాడి భార్య నిజమనుకుని వాళ్లకు ఉప్మా చేసి పెట్టిందట. మామూలుగా అయితే ఇలాంటిది ఆశకు చెబితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

ఏప్రిల్ 11

పరీక్ష పెడుతున్నారు. పంతొమ్మిదో తారీఖు పొద్దున. నాచారం వైపు నుంచి ఒక ఫైరింజన్ బయలుదేరుతుంది. ఇక్కడ సర్కారు బడి గ్రౌండులో గడ్డి కుప్పకు నిప్పు పెడతారు. గడ్డి బూడిద కాకముందు బండి వస్తే మూడు ఊళ్ల స్టేషన్ చాలు. రాకపోతే సొంతది కట్టాలి. ఇంత తేలికగా ఉండే పరీక్ష అయితే నేను పదో తరగతి కూడా పాసయ్యేవాణ్ణి.

బడికి పోయే దారి దామోదర్ సారు ఉండే గల్లీ ఒక్కటే. రెండో వైపు డ్రైనేజీకి తవ్వి పెట్టారు. ఆ గల్లీలో ఎవరింట్లో ఏం జరిగినా రోడ్డు మీద టెంట్ పడుతుంది. ఆ టెంట్ నాదే.

కాబట్టి ఆ రోజు ఆ గల్లీలో టెంట్ ఉండకూడదు. ఓణీల ఫంక్షన్ వాళ్లు వస్తే “పంతొమ్మిది మంచిగ లేదు, పంతులు గారిని ఇంకోసారి అడుగున్రి” అన్నాను. పంతులుకు కూడా ఫోన్ చేశాను. మరీ ఇంతకు దిగుతావా సిద్దయ్యా అన్నాడు. ఇరవై ఆరు బాగుందన్నాడు.

ఊరి మంచి కోసం.

ఏప్రిల్ 14

కుక్కర్ రబ్బరు పోయింది. ఇప్పుడు గోడతో మాట్లాడుతోంది. గోడ విజిల్ కూడా వేయదు.

ఏప్రిల్ 19

దామోదర్ సారు పోయారు. తెల్లవారుజామున నిద్రలోనే.

టెంట్ వేశాను. చావు టెంట్ అడిగితే కాదనడం మా దుకాణంలో లేదు, బేరం కూడా లేదు. నాయన పెట్టిన పద్ధతి. తాళ్లు చిక్కుపడి జర ఆలస్యమైంది.

ఫైరింజన్ వచ్చి టెంట్ ముందర ఆగింది. బడి గ్రౌండులో గడ్డి మొత్తం బూడిద. గ్రౌండులో ఉన్న కౌన్సిలర్లంతా ఒకరి మీద ఒకరు అరుచుకున్నారట. నేను చూడలేదు.

అలసిపోయాను.

ఏప్రిల్ 20

సారు రిటైరైన రోజు గుర్తొస్తోంది. ఆయన ఉప్పల్ దగ్గర ఏదో సర్కారు ల్యాబులో సైంటిస్టు. బెజవాడ వైపు మనిషి, మాట మెత్తన. ఆఫీసు కారు దిగేసరికి ఇంటి ముందు నేను పెళ్లికొడుకు సింహాసనం వేయించి, సన్నాయి పెట్టించాను. వేరే వాళ్లయితే తిట్టేవాళ్లు. ఆయన బుద్ధిగా ఎక్కి కూర్చుని, “పెళ్లికూతుర్ని కూడా పిలవవయ్యా సిద్దయ్యా, ఒక్కణ్ణీ కూర్చోబెడతావా?” అన్నారు. సూర్యకళమ్మగారు వంటింట్లోంచి అట్లకాడతో వచ్చారు. ఆ ఫోటో వాళ్ల హాల్లో ఇప్పటికీ ఉంది.

నిన్న అదే చోట ఐసు పెట్టె పెట్టారు.

ఫైరింజన్ వాళ్లు మాత్రం మంచివాళ్లు. టెంట్ చూడగానే సైరన్ ఆపేశారు. నేను తాడు విప్పబోతే వాళ్ల ఆఫీసరు భుజం మీద చెయ్యి వేసి “వద్దన్నా, ఉండనియ్” అన్నాడు. అందరూ దిగి టోపీలు తీసి నిలబడ్డారు. కాసేపటికి బండి వెనక్కి తీసుకున్నారు.

తాళ్లు చిక్కుపడ్డాయి. ఎండకు బిగుసుకున్నాయి కూడా.

సాయంత్రం ఉమామహేశ్వర్ వచ్చాడు. మొహంలో వెలుగు చూస్తే వాడికి నిజంగానే షష్టిపూర్తి అయినట్టుంది.

“బావా, దేవుడు మన దిక్కే ఉన్నడు. బండి ఆలస్యం గాలే, టెంట్ అడ్డమొచ్చింది. నువ్వు మీటింగుకొచ్చి గా ఒక్క ముక్క జెప్పు. ఇగ నీ గోదాం జోలికి ఎవడు రాడు.”

“నన్ను లోపలికి రానిస్తరా?”

“సాక్షిగ పిలుస్త. జర తమాషాలు బంద్ జేసి, ఉన్నది ఉన్నట్టు జెప్పు సాలు.”

ఉన్నది ఉన్నట్టేనట.

ఏప్రిల్ 22

ఆశ మాట్లాడింది. గోడతో కాదు, నాతో.

అన్నం తింటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. “తాళ్లు చిక్కుపడ్డయా?”

“ఆ.”

“పెండ్లైనప్పటి సంది నీ టెంట్లు సూస్తున్న. గాలివానల సుత నీ తాళ్లు చిక్కుపడంగ సూడలే.”

“ఎండకు—”

“మంచిది” అని వెళ్లిపోయింది.

ఒక్క మాట మాట్లాడితే చాలనుకున్నాను ఇన్ని రోజులు. ఇప్పుడు గోడే నయమనిపిస్తోంది.

ఏప్రిల్ 23

సరే, రాస్తాను. ఎవరు చదవబోతున్నారు.

తాళ్లు చిక్కుపడలేదు.

పొద్దున సూర్యకళమ్మగారు ఫోన్ చేయగానే నేను మొదట అనుకున్నది, అయ్యో సారు అని కాదు. అయ్యో ఇవాళా అని. ఆ తర్వాతే సారు గుర్తొచ్చారు. సామాను ఆటోలో వేసుకుని గల్లీకి పోయాను. గల్లీకి రెండు అంచుల్లో గుంజలు పాతాను. బట్ట పరిచాను. ఇక తాళ్లు లాగి కట్టడమే మిగిలింది. మా పనివాళ్లు కడతామంటే, ఆగండిరా, నేను చూసుకుంటాను అని టీకి పంపించాను. బట్ట నేల మీదే ఉంటే ఫైరింజన్ దాని మీదుగా పోతుంది. అది పోయాక కట్టేద్దామనుకున్నాను. ఎంత, కాసేపే కదా.

బడి మీద పొగ లేచింది. నిప్పు పెట్టారన్నమాట. నేను తాడు చేతిలో పట్టుకుని గల్లీ మొగదల వైపు చూస్తూ నిలబడ్డాను. ముడి విప్పుతున్నట్టు, వేస్తున్నట్టు. బండి లేదు. పొగ నల్లగా అయింది, తర్వాత తెల్లగా అయింది. బండి లేదు. ఐసు పెట్టె మీద ఎండ పడింది. అద్దం మీద నీళ్లు పట్టి సారు మొహం కనిపించడం మానేసింది. సూర్యకళమ్మగారు చీర కొంగు పెట్టెకు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. చుట్టాలు గోడ పక్క నీడకు జరిగారు. ఆమె జరగలేదు. పైగా చెప్పుల్లేని కాళ్లు.

సారు కూతురు హరిణి వచ్చింది. “అంకుల్, నాన్నగారికి నీడ చేయండి అంకుల్” అంది. అంతే అంది.

తలెత్తి చూస్తే బడి మీద పొగ లేదు. ఆరిపోయింది. అప్పుడు కట్టాను. నాలుగు తాళ్లూ ఊపిరి తీసుకునే లోపల కట్టేశాను. చివరి ముడి వేశాక, అప్పుడు వినిపించింది సైరన్, దూరంగా, నాచారం వైపు నుంచి.

అంటే గల్లీ ఖాళీగా ఉన్నంతసేపూ బండి రాలేదు. గడ్డి కాలిపోయాక వచ్చింది. అడ్డం వచ్చింది టెంట్ కాదు. గ్రౌండులో ఉన్నవాళ్లకు బండి ఎప్పుడొచ్చి టెంట్ దగ్గర ఆగిందో తెలియదు. ఈ సంగతి నాకు ఒక్కడికే తెలుసు.

ఊరి మంచి కోసం అని రాద్దామనుకున్నాను. పెన్ను కదలలేదు.

ఏప్రిల్ 24

సూర్యకళమ్మగారి ఇంటికి పోయాను. దారిలో ఏమేమో కూడబెట్టుకున్నాను. గుమ్మంలో నిలబడగానే అన్నీ పోయాయి.

“అమ్మా, ఆ రోజు తాళ్లు... చిక్కుపడలేదు. నేనే ఆగిన. బండి పోవాలని.”

“తెలుసు సిద్దయ్యా” అన్నారు. “తాడు నీ చేతిలో ఉంది, చూపు వీధి చివర ఉంది. నాకేమైనా కళ్లు కనబడవా?”

“మాఫ్ జెయ్యమ్మా.”

“ఆయనైతే నవ్వేసేవారు. పోయేటప్పుడు కూడా నాతో ఆటాడాడే వీడు, అనేవారు.” తన పాదాల వైపు చూసుకున్నారు. “నాకు మాత్రం అరికాళ్లు బొబ్బలెక్కాయి నాయనా. నేను నవ్వలేను.”

నేను ఏ జోకూ వేయలేదు. మంచినీళ్లు ఇచ్చారు, తాగి వచ్చాను.

ఏప్రిల్ 25

మీటింగు.

నన్ను చివర్లో పిలిచారు. జీవితంలో మొదటిసారి నేను వేయని కుర్చీలు చూశాను, మెత్తగా, చక్రాలతో. ఒకదాన్ని గుండ్రంగా తిప్పాలని చెయ్యి గుంజింది. ఆశ అవతలి వరసలో ఉంది. నా వైపు చూడలేదు.

ఉమామహేశ్వర్ గొంతు సవరించుకుని, “సిద్దయ్యా, పరీక్ష రోజు నీ టెంట్ రోడ్డుకు అడ్డం ఉండెనా?” అన్నాడు.

“ఉండె.”

“బండి ఆగింది దాని వల్లనేనా?”

“బండి ఆగింది టెంట్ వల్లనే” అన్నాను. వాడు నవ్వుతూ అందరి వైపు తిరిగాడు. నేను ఇంకా పూర్తి చేయలేదు. “గని బండి వచ్చేసరికే గడ్డి ఆరిపోయింది. నేను తాడు కట్టకముందే పొగ ఆగింది. నేను కావాల్నని ఆగిన. సైరన్ ఇనబడితే బట్ట మీదికెళ్లి పోనిచ్చి, తర్వాత కడ్దామని. ఇనబడలే. ఆఖరికి సచ్చిపోయిన మనిషిని ఎండల పెట్టి సూసిన, అయినా బండి రాలే.”

ఎవరో నవ్వారు. నేను జోకేశాననుకున్నారు. ఇంకో ఇద్దరు కలిశారు. నేను నోరు తెరిస్తే నవ్వాలని వాళ్లకు నేనే నేర్పాను కదా.

“నవ్వకున్రి” అన్నాను. “సూర్యకళమ్మని అడుగున్రి. ఆమె కాళ్లు సూడున్రి.”

అప్పుడు ఆగిపోయారు.

“నీకేం ఫాయిదా బావా ఇట్ల మాట్లాడ్తె?” ఉమామహేశ్వర్ మైకు మూసి, కిందికి వంగి గొణిగాడు. “గోదాం పోతది.”

“ఎర్కే.”

ఓటింగు పెట్టారు. సొంత స్టేషన్ కావాలనే వాళ్లు చేతులెత్తమన్నారు. ఆశ చెయ్యి అందరికంటే ముందు లేచింది. నేను లెమ్మనలేదు. ఆమె తర్వాత ఒక్కొక్కటిగా లేచాయి, ఉమామహేశ్వర్ చెయ్యి తప్ప దాదాపు అన్నీ.

ఆటోలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. చిల్కానగర్ మలుపు వచ్చింది. అక్కడ, “మల్ల నన్ను నలుగుర్ల గట్ల అంటవా?” అంది.

“అన.”

“అంటె జూడు” అంది. అంతే. ఆటోవాడు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. వాడికి కూడా పెళ్లయినట్టుంది.

ఏప్రిల్ 28

సారు పదోరోజు. కాకులు లేవకముందే పోయి టెంట్ కట్టాను. గుంజలు ఒక పక్కకు జరిపి పాతాను, సగం గల్లీ ఖాళీ. అలా కడితే టెంట్ ఒక వైపు వంగినట్టుంటుంది, చూడ్డానికి బాగుండదు. కానీ బండి పడుతుంది. సూర్యకళమ్మగారు బయటికి వచ్చి, చెప్పులు వేసుకుని, దాని కింద ఒకసారి నిలబడి చూశారు.

“వంకరగా ఉందయ్యా” అన్నారు.

“అవునమ్మా. ఇగ అన్నీ గిట్లనే కడ్త.”

మే 4

గోదాం ఖాళీ చేస్తున్నాం. కొత్తది బోడుప్పల్ అవతల దొరికింది, కానీ దాని కప్పు వేసేదాకా సామానంతా ఇంట్లోనే. హాల్లో కుర్చీలు, మెట్ల మీద కుర్చీలు, బాత్రూం ముందు వంట డేగిసాలు. హాలు మధ్యలో పెళ్లి సింహాసనం. స్నానానికి పోవాలంటే స్వాగత ద్వారం కిందినుంచి వంగి పోవాలి.

ఆశ దగ్గరికి అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లకు మాత్రం పండగే. ఇదివరకు గుమ్మంలో నిలబడేవాళ్లు. ఇప్పుడు వార్డంతా వచ్చినా కూర్చోవచ్చు. కూర్చున్నవాళ్లు లేవడం లేదు. తారామణి అయితే సింహాసనం పట్టు గుడ్డను పట్టి చూసి, “బావా, ఇది నాకిస్తె నాలుగు జాకెట్లు అయితయి” అంది.

“ముందు దాని మీద నీ పెనిమిటిని కూసోబెట్టి సూడు, గుడ్డ ఎంత మిగుల్తదో” అన్నాను. వాడి లావు ఊరంతటికీ తెలుసు.

ఆశ నవ్వింది. కొంగు నోట్లో పెట్టుకోబోయి మానేసింది, గానీ నవ్వింది.

మే 9

గోదాం కూల్చారు. చూడ్డానికి పోలేదు. పోయాను. చూడలేదు. గోడ మీద నాయన రాయించిన పేరు సగం పడింది, సగం నిలబడింది, తర్వాత అదీ పడింది.

దుమ్ము కళ్లలో పడింది.

మే 12

ఇవాళ సాయంత్రం ఆశ మీటింగు నుంచి వచ్చింది. మొహం వేలాడేసుకుని పోయి సింహాసనంలో కూలబడింది.

“ఏమైంది?”

“అంత ఉల్టా అయింది. మూడూళ్లదే ఖాయం జేసిన్రు. సొంతది లేదట. జాగ మల్ల నువ్వే తీసుకో.”

“ఏంది?”

“గోదాం కట్టుకో పో. నీ పీడ వదిలింది గద.”

నాకు ఎక్కడినుంచి వచ్చిందో అంత కోపం. “గట్లెట్ల జేస్తరు? ఓటేసినంక? సేతులెత్తినంక? నాచారం నుంచి బండి వచ్చేదాక ఊరు కాలుకుంట కూసోవాల్నా? తారామణికి ఏం జెప్తరు? పా, గా ఉమామహేశ్వర్‌గాని ఇంటికి పా! ఇయ్యాల వాడో నేనో తేలాలె!”

అరుస్తూనే గుమ్మంలోకి వచ్చాను. ఒక చెప్పు తొడుక్కున్నాను. రెండోది లేదు. కుర్చీల కింద చూశాను, డేగిసాల వెనక చూశాను, స్వాగత ద్వారం ఎత్తి చూశాను. లేదు. వెనకనుంచి ఏదో శబ్దం. తిరిగి చూస్తే ఆశ సింహాసనంలో ముందుకు వంగి, పొట్ట పట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వుతోంది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఇన్నేళ్లు ఊరందరికీ చేశాను గానీ, నాకు చేస్తే ఎలా ఉంటుందో తెలియదు.

“అబద్ధమా?”

“సోమవారం పునాది దవ్వుతున్నరు.”

“మరి నా రెండో చెప్పు ఏది?”

కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అది నేనే దాసిన” అంది. “నువ్వు ఉరుకుతవని ఎర్కే.”